ఎనిమిదో పాఠంలో రెండో సగం

మన రాష్ట్ర పదో తరగతి జీవశాస్త్రంలో ఎనిమిదో పాఠం అనువంశికత. మొదటి సగం మెండెల్, ఆయన బఠాణీ మొక్కలు. రెండో సగం జీవపరిణామం. లామార్క్ జిరాఫీ, ఎలుకల తోకలు కత్తిరించి చూసిన వైజ్‌మన్, డార్విన్, శిలాజాలు, మనిషి పుట్టుక అన్నీ అందులోనే ఉంటాయి. మొదటి సగం ఏ బడిలోనైనా బాగానే చెప్తారు. తల్లిదండ్రుల గుణాలు పిల్లలకు ఏ పాళ్లలో వస్తాయో చూపే గళ్ల పట్టిక గీసి 3:1 అని రాస్తే మార్కులు పడతాయి కదా. రెండో సగానికి వచ్చేసరికి నవంబర్ దాటిపోతుంది. అవి పత్తి ఏరే రోజులు, మా వైపు క్లాసులో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. సంక్రాంతికల్లా సిలబస్ అయిపోవాలని పైనుంచి ఒత్తిడి, ఆ తర్వాత స్పెషల్ క్లాసులు, ప్రీఫైనల్. "ఇవి ఇంట్లో ఒకసారి చదువుకోండి, పెద్దగా ఇంపార్టెంట్ కాదు" అని చెప్పి పేజీలు తిప్పేస్తారు.

పాత వరంగల్ జిల్లా పరకాల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను బయాలజీ చెప్తాను. అలా తిప్పేసే పేజీల గురించే ఈ పోస్టు.

2023లో కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తన పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామాన్ని తీసేసినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గించడానికి అన్నారు. "అనువంశికత, పరిణామం" అని ఉన్న తొమ్మిదో అధ్యాయం ఒట్టి "అనువంశికత"గా మిగిలింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు సంతకాలు పెట్టి బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉంది కదా అని జవాబొచ్చింది. మా స్టాఫ్ రూమ్‌లో కూడా కొందరు అదే మాట అన్నారు. మన రాష్ట్ర పుస్తకంలోంచి ఎవరూ తీసేయలేదు కాబట్టి మనకేం ఇబ్బంది లేదనీ అన్నారు.

పన్నెండులో ఉన్నది ఎవరికి? బయాలజీ తీసుకున్న వాళ్లకి. మన ఇంటర్‌లోనూ బైపీసీ వాళ్లే ఆ పాఠం చదువుతారు. మా బడిలో పది పాసైన పిల్లలు ఎక్కువగా పోయేది ఎంపీసీకి, సీఈసీకి, ఐటీఐకి, పాలిటెక్నిక్‌కి. కొందరు అక్కడితోనే చదువు ఆపి చేనుకు పోతారు. ఇలాంటి పిల్లలకు జీవం ఎలా మారుతుందో ఒక టీచర్ నోటితో వినే అవకాశం జీవితంలో ఒక్కసారే వస్తుంది, అది పదో తరగతిలో. ఢిల్లీలో పాఠం తీసేసినా, ఇక్కడ పేజీలు తిప్పేసినా, ఆ పిల్లలకు జరిగే నష్టం ఒక్కటే. పుస్తకంలో అచ్చయి ఉందని మనం ధీమాగా ఉండటం నాకు సరిగ్గా అనిపించదు.

2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూసినట్టు రాయలేదు, చెప్పలేదు, కాబట్టి డార్విన్ సిద్ధాంతం తప్పు, పుస్తకాల్లో మార్చాలి అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి దాన్ని ఖండించాయి. ఆ అభ్యంతరం మా పిల్లల నోట కూడా వస్తుంది. ఎవరు చూసిండ్రు మేడం, అని. మంచి ప్రశ్న అది. దానికి జవాబు డార్విన్ తిరిగిన గాలపాగస్ దీవుల్లో వెతకక్కర్లేదు. పరిణామాన్ని కళ్లారా చూసిన జిల్లా మనది.

వరంగల్ పత్తి జిల్లా. 1997-98లో పురుగు పడి, ఎన్ని మందులు కొట్టినా చావక, పంట పోయి, అప్పులు తీరక రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి ఇక్కడ ఇంటింటికీ తెలుసు. కొట్టిన కొద్దీ మందు ఎందుకు పనిచేయకుండా పోయిందో అప్పుడు ఊళ్లో చెప్పినవాళ్లు లేరు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో పెడితే, మొక్కే పురుగుకు విషం తయారు చేసుకుంటుంది. 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చింది. కొన్నేళ్లు మందు డబ్బాల ఖర్చు తగ్గింది. గుజరాత్‌లో మొదటి రకం, అంటే ఒకే జన్యువు బీటీని తట్టుకునే గులాబీ రంగు కాయతొలుచు పురుగు కనిపించిందని 2010లో బయటికొచ్చింది. 2017 వచ్చేసరికి రెండు జన్యువుల పత్తిలో కూడా గులాబీ పురుగు మన తెలంగాణ చేన్లను తినేసింది.

ఈ పురుగు గురించి క్లాసులో అడిగితే పిల్లలందరూ ఒకేమాట చెప్తారు. "మందుకు అలవాటు పడ్డది మేడం." వాళ్ల నాయనలు చెప్పే మాట అదే, మందుల షాపులో వినపడే మాట కూడా అదే. లామార్క్ చెప్పిందీ దాదాపు ఇదే. జిరాఫీ మెడ చాచీ చాచీ పొడుగైంది, పురుగు విషం తినీ తినీ తట్టుకోవడం నేర్చుకుంది అన్నట్టు. నేను ఇక్కడ ఆగిపోతాను, ఎన్ని పీరియడ్లు పట్టినా సరే. అలవాటు పడాలంటే ముందు బతకాలి కదా, విషం తిన్న పురుగు చచ్చిపోతే అలవాటు పడేదెప్పుడు, అని అడుగుతాను. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత వెనక బెంచీ నుంచే ఎవరో ఒకరు అందుకుంటారు. చావనివి ముందే ఉన్నయా మేడం?

ముందే ఉన్నాయి. లక్షల్లో ఏ కొన్నో. విషం రాకముందు వాటికీ మిగతా వాటికీ తేడా తెలియదు. విషం వచ్చాక మిగతావి పోయి అవి మిగిలాయి, అవే గుడ్లు పెట్టాయి, తర్వాతి తరంలో వాటి పిల్లలే ఎక్కువ. ఏ ఒక్క పురుగూ మారలేదు, పురుగుల గుంపు మారింది. ప్రకృతివరణం అంటే ఇంతే. ఈ ఒక్క సంగతి పిల్లల బుర్రకెక్కితే, పుస్తకంలో రంగురంగుల బీటిళ్లు, కాకుల ఉదాహరణ వాళ్లే చదువుకుంటారు.

ఇంకో సంగతి ఉంది. నాకు ఈ పాఠం మీద ఇంత ప్రేమ కలగడానికి అసలు కారణం అది. బీటీ విత్తనం కొంటే 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ వేరే ఇచ్చేవాళ్లు. బీటీ కాని విత్తనం. దాన్ని చేను చుట్టూ వరుసలుగా వేయాలి. మా ఊళ్లో అది వేసినవాళ్లు చాలా తక్కువ. పురుగు తినేసే పత్తి మనమే పెట్టడం దేనికని గట్టున పారేశారు. రైతును తప్పు పట్టను. ఎందుకు వేయాలో విడమరిచి ఎవరూ చెప్పలేదు, ఎకరంలో అంత జాగా ఎవరు వదులుకుంటారు?

ఆ కారణం మెండెల్ గళ్ల పట్టికలోనే ఉంది. విషాన్ని తట్టుకునే గుణం చాలావరకు అంతర్గతం, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ వస్తేనే పురుగు బతుకుతుంది. తట్టుకునే కాపీని చిన్న ఆర్ అని, మామూలు దాన్ని పెద్ద ఆర్ అని రాస్తే, చిన్న ఆర్ రెండు ఉండాలన్నమాట. నాన్ బీటీ వరుసల్లో మామూలు పురుగులు హాయిగా పెరిగి రెక్కల పురుగులవుతాయి. బీటీ చేనులో మిగిలిన ఒకటీ అరా మొండి పురుగు వీటితో జతకడుతుంది. పిల్లలన్నిటికీ ఒక పెద్ద ఆర్, ఒక చిన్న ఆర్. అవి బీటీ కాయ తినగానే చస్తాయి. నాన్ బీటీ వరుసలు లేకపోతే మొండి పురుగుకు జత దొరికేది ఇంకో మొండి పురుగే, పిల్లలన్నీ మొండివే. పత్తికి పట్టే ఇంకో పురుగు, పచ్చపురుగుకైతే కంది, శనగ, టమాటా ఏదైనా పర్వాలేదు, కాబట్టి మామూలు పురుగులు అక్కడా పెరుగుతాయి. గులాబీ పురుగుకు పత్తి తప్ప పెద్దగా వేరే తిండి లేదు. దానికి తోడు ఇంకో ఏరుడు పత్తి వస్తుందని ఫిబ్రవరి, మార్చి దాకా చేను ఉంచుతాం, పురుగు అన్నాళ్లూ తరం మీద తరం పెంచుకుంటుంది.

బోర్డు మీద ఈ పట్టిక వేయించినప్పుడు క్లాసు మొహం మారిపోతుంది. బఠాణీలతో వేసిన పట్టికే, అవే గళ్లు, ఈసారి మాత్రం గళ్లలో వాళ్ల చేను ఉంటుంది. ఒక అబ్బాయి చాక్‌పీస్ పట్టుకుని బోర్డు దగ్గరే నిలబడిపోయి, "ఆ ప్యాకెట్ మా బాపు బర్రెలకు ఏసిండు మేడం" అన్నాడు. క్లాసులో ఎవరూ నవ్వలేదు, చాలామంది ఇళ్లల్లో జరిగింది అదే.

చైనాలో యాంగ్‌జీ నదీ లోయలో రైతులు బీటీ, నాన్ బీటీ సంకరం చేసిన పత్తిని, దాని రెండో తరం విత్తనాన్ని విరివిగా వేశారు. రెండో తరంలో నాలుగింట మూడు మొక్కలు బీటీ, ఒకటి నాన్ బీటీ, చేనంతా కలిసిపోయి. గులాబీ పురుగులో అప్పటికే పెరగడం మొదలైన నిరోధం అక్కడ వెనక్కి తగ్గింది. 2017లో ఆ పరిశోధన అచ్చయింది. నాలుగింట మూడు, ఒకటి. మన పిల్లలు మార్కుల కోసం బట్టీ పట్టే 3:1 ఇదే. పాఠాన్ని సగానికి విరగ్గొట్టి మెండెల్‌ను ఉంచుకుని డార్విన్‌ను వదిలేస్తే, ఆ అంకె దేనికి పనికొస్తుందో పిల్లలకు ఎప్పటికీ తెలియదు. ఎన్‌సీఈఆర్‌టీ చేసిందీ అదే, మనం డిసెంబర్‌లో చేసేదీ అదే.

యాంటీబయోటిక్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జ్వరానికి ఆర్‌ఎంపీ దగ్గర రెండు గోళీలు వేసుకుని తగ్గగానే ఆపేయడం, టీబీ మందులు నెలల తరబడి వాడమంటే మధ్యలో మానేయడం మన ఊళ్లలో మామూలు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగే 1945లో నోబెల్ ఉపన్యాసంలో, మందు చాలీచాలకుండా వాడితే తట్టుకునే క్రిములు మిగులుతాయని హెచ్చరించాడు. పురుగు కథ అర్థమైన పిల్లలకు దీన్ని రెండు నిమిషాల్లో చెప్పొచ్చు.

నిర్మాణసామ్య అవయవాలకు, అంటే పని వేరైనా లోపలి నిర్మాణం ఒకేలా ఉండే వాటికి, పుస్తకంలో తిమింగలం, గబ్బిలం, చిరుత, మనిషి బొమ్మలున్నాయి. మా పిల్లలు తిమింగలాన్ని చూడలేదు. ఆదివారం వండుకున్న కోడి రెక్క ఎముకలు, పాయకు తెచ్చిన మేక ముందు కాలి ఎముకలు ఉడకబెట్టి కడిగి తెమ్మంటాను. బెంచీ మీద పాత పేపర్ పరిచి వరసలో పెడతారు. భుజం దగ్గర ఒకటి, మోచేయి కింద రెండు, తర్వాత మణికట్టు చిన్న ఎముకలు, చివర వేళ్లు. కోడిలో మోచేయి కింద రత్ని, అరత్ని రెండూ విడివిడిగా ఉంటాయి, వేళ్లు మాత్రం అతుక్కుపోయి మూడే మిగిలాయి. మేకలో ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, వెనకది సన్నటి పుల్లలాగా అంటుకుని కనిపిస్తుంది. దాని కింద పొడుగ్గా ఒకటే ఎముక. ఒకటేనా అని అడిగాను. ఒక అమ్మాయి దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. ముందు వైపు మధ్యలో పైనుంచి కిందికి సన్నటి గాడి ఉంది, గోరు పెట్టి గీస్తే తగులుతుంది. కింది చివర రెండుగా చీలి ఉంది, ఒక్కో దానికి ఒక్కో గిట్ట. రెండెముకలు ఒకటైపోయినయి మేడం, అంది. తన అరచేయి తిప్పి మధ్యవేలు, ఉంగరం వేలు వెనక ఎముకలు తడిమి చూసుకుంది. నేనేం చెప్పలేదు. ఎగరడానికి ఒకటి, పరిగెత్తడానికి ఒకటి, పట్టుకోవడానికి ఒకటి, అన్నిటికీ లోపల అదే సామాను ఎందుకుందో ఆలోచించి రాసుకుని రమ్మన్నాను. అంతకు మించి ఆ రోజు ఏ వివరణా అక్కర్లేదు.

శిలాజాలకు మనకున్నన్ని ఆధారాలు ఎంతమందికున్నాయి! భూపాలపల్లి సింగరేణిలో పనిచేసే ఒక పిల్లాడి నాన్న, బొగ్గు మీద పొరలోంచి ఊడిన పలక రాయి ఒకటి పంపించాడు. దాని మీద ఆకు అచ్చు. నాలుక ఆకారంలో ఉంది, మధ్య ఈనె లావుగా, దాని నుంచి రెండు వైపులా వలలాంటి సన్నటి ఈనెలు. గ్లోసాప్టెరిస్. ఇరవై అయిదు కోట్ల ఏళ్లకు పైబడిన ఆకు. అప్పటికి పూల మొక్కలు లేవు, పక్షులు లేవు, డైనోసార్లు కూడా ఇంకా రాలేదు. ఇదే ఆకు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికా మంచు కింద కూడా దొరికింది, ఎందుకంటే అప్పుడు ఆ నేలలన్నీ మన నేలతో కలిసే ఉన్నాయి. బొగ్గులో పని చేసే ఇళ్ల పిల్లలకు ఈ మాట చెప్పే హక్కు మనకుంది, చెప్పకపోవడమే అన్యాయం.

ఇంకొంచెం పైకి పోతే ప్రాణహిత ఒడ్డు. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలకు జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆకులు తినే పెద్ద డైనోసార్, జురాసిక్ కాలం మొదటి భాగంలోది. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు అక్కడ దొరికాయి. నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. మన పదో తరగతి పుస్తకంలో కూడా దీని గురించి చిన్న పెట్టె ఉంది. డైనోసార్ అంటే ఇంగ్లీష్ సినిమా అనుకునే పిల్లలకు, బస్సెక్కి పొద్దున పోయి సాయంత్రం రాగలిగిన ఊళ్లో డైనోసార్ ఉండేదంటే నమ్మకం కుదరదు, పేజీ నంబర్ చెప్పి చూపించాలి.

దేవుడి ప్రశ్న తప్పకుండా వస్తుంది. నవంబర్ అంటే అయ్యప్ప మాలల కాలం. నల్ల బట్టల్లో కూర్చున్న అబ్బాయీ, ఆదివారం చర్చికి పోయే అమ్మాయీ ఒకే ప్రశ్న అడుగుతారు, మరి మనల్ని దేవుడు చేయలేదా అని. నేను ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేసి మాట్లాడను. ఈ పాఠం జీవులు ఎలా మారాయో చెప్తుంది, ఆధారాలు బెంచీ మీద ఉన్నాయి, వాటిని చూసి మాట్లాడుకుందాం అంటాను. తోటి టీచర్లు కొందరు ప్రేమతోనే సలహా ఇస్తారు, దశావతారాలతో కలిపి చెప్పండి, చేప, తాబేలు, వరాహం, పిల్లలకు తొందరగా ఎక్కుతుంది అని. నేను ఆ పని చేయను. అలా చెప్తే చేప మొదటి మెట్టు, మనిషి చివరి మెట్టు, అంతా మనకోసమే ఎక్కుతూ వచ్చింది అనే బొమ్మ పిల్లల మనసులో పడిపోతుంది. వంగి నడిచే కోతి నెమ్మదిగా నిటారుగా లేచి మనిషయ్యే బొమ్మతో వచ్చే చిక్కు కూడా అదే. పురాణాన్ని పురాణంగా తెలుగు సారు అందంగా చెప్తారు, దాన్ని బయాలజీకి సాక్ష్యంగా నిలబెట్టడం రెండింటికీ గౌరవం కాదు.

ఆ బొమ్మ వల్లే ఇంకో ప్రశ్న పుడుతుంది. మా బడి ప్రహరీ మీద కోతులు వరసగా కూర్చుంటాయి, మధ్యాహ్న భోజనం వాసన వస్తే దిగుతాయి. "మరి గిప్పుడు ఈ కోతులు మనుషులెందుకైతలేవు మేడం?" మీ పెద్దబాపు కొడుకు నీకేమైతడు, అన్న. నువ్వు ఆ అన్నకు పుట్టినవా? లేదు, ఇద్దరికీ తాత ఒక్కడే. కోతి మనకు అట్లాంటి చుట్టం, దానికీ మనకూ తాత ఒక్కడే, ఆ తాత ఇప్పుడు లేడు. చింపాంజీతో మన దారి విడిపోయి సుమారు 60, 70 లక్షల ఏళ్లు, ఈ ప్రహరీ మీది కోతులతో అయితే రెండున్నర కోట్ల ఏళ్ల దాకా. కోతి మనం కావాల్సిన పని లేదు, కోతిగా అది బాగానే బతుకుతోంది. మన ఊళ్లో మిరప తోటలు, మామిడి తోటలు చూసిన వాళ్లెవరికీ ఆ విషయంలో అనుమానం ఉండదు.

ఈ సంవత్సరం ఈ పాఠాన్ని రెండు ముక్కలుగా చెప్పాలని నిర్ణయించుకున్నాను. సమ్మేటివ్ పరీక్షకు జిల్లా అంతా ఒకే పేపర్ కాబట్టి ముందున్న పాఠాల వరస తప్పించలేం. కానీ పత్తి పూతకొచ్చేది ఆగస్టు, సెప్టెంబర్‌లో. గులాబీ పురుగు పడిన పువ్వు విచ్చుకోదు, రేకులు ముడుచుకుపోయి గుడ్డి పువ్వుగా ఉండిపోతుంది, విప్పి చూస్తే లోపల పురుగు దొరుకుతుంది. సెప్టెంబర్‌లో రెండు శనివారాలు పిల్లల్ని బడి పక్క చేనుకే తీసుకుపోతాను, ఆ చేను రైతును ఇప్పటికే అడిగాను, సరే రండి మేడం అన్నాడు. ఆడ పురుగు వాసనతో మగవాటిని పట్టే లింగాకర్షక బుట్టలో రోజుకెన్ని రెక్కల పురుగులు పడుతున్నాయో పిల్లలే రాసుకుంటారు. నవంబర్‌లో పుస్తకంలో ఆ పేజీలు తెరిచేసరికి వాళ్ల నోట్‌బుక్కుల్లో ఆ లెక్కలు ఉంటాయి.

బయాలజీ చెప్పే తోటి టీచర్లకు ఒక మనవి. మీ దగ్గర ఆకు అచ్చులున్న బొగ్గు పలకలు, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని వైపువి ఉంటే, ఫొటో తీసి కింద కామెంట్లో పెట్టండి, ఏ గని పక్క దొరికిందో కూడా రాయండి. మా పిల్లలు వాటిని మ్యాప్ మీద గుర్తు పెట్టి చార్ట్ తయారు చేస్తామంటున్నారు. అయ్యాక మీ బడికి కూడా ఒకటి పంపిస్తాం.